నూటికి రెండు ఎక్కడ పోయాయి?

పోయిన వారం కృష్ణకుమారిని ఎక్కడ వదిలామో గుర్తుందిగా? గురజాలలో వాళ్ల నాన్న కట్టించిన పాత మిరపకాయల గోడౌన్లో, ఓడిపోయిన మోటారు పక్కన. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి, ముందుగానే రిటైరై ఊరికొచ్చి, నాలుగేళ్లు దాని మీదే కూర్చుని ఆవిడ తయారుచేసిన పది హార్స్ పవర్ మోటారు అది. హైదరాబాద్ పంపుల కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే. తిన్న కరెంటులో నూటికి తొంభై అయిదు పాళ్లు పనిగా మార్చి చూపించాలి. చూపిస్తే మోటారు ఆవిడ పేరు మీదే పెద్ద ల్యాబుకి పోతుంది. చూపించకపోతే ఫైలు మూసేస్తారు. కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు జహీర్ పొద్దున పదకొండింటికి కొలిచాడు. తొంభై నాలుగు పాయింట్ ఒకటి.

"సారీ మేడం," అన్నాడు పాపం, మర్యాదస్తుడు. "నేను నమాజు చేసుకుని, భోంచేసి మూడింటికి వస్తా. ఈలోపు ఏమన్నా సరిచేసుకోగలిగితే ఇంకొక్కసారి చూద్దాం. లేకపోతే ఇదే రాసి సంతకం పెట్టాల్సి వస్తుంది."

ఆ కారు లేపిన దుమ్ము అణగకముందే, మోటారుకి కాయిళ్లు చుట్టిన ఇశ్రాయేలు దాని మీద చెయ్యి వేసి ఒక మాట అన్నాడు.

"అక్కా, ఇది చల్లగా ఉందేంది?"

కృష్ణకుమారికి ఒళ్లు మండిపోయింది. ఓడిపోయి కూర్చున్న మనిషి దగ్గర ఎవరన్నా మోటారు చల్లదనం గురించి మాట్లాడతారా!

"చల్లగా ఉంటే ఫ్యాను కింద పెట్టుకుని పడుకో," అంది.

"అది కాదక్కా. గంట సేపు ఫుల్లు లోడు మీద తిరిగింది. బయట చూస్తే నలభై అయిదు డిగ్రీల ఎండ. మామూలు పంపుసెట్టు మోటారయితే ఈపాటికి దాని మీద దోసె పోసుకోవచ్చు. మీరే చూడండి."

ఆవిడ లేవలేదు. ఇశ్రాయేలు రెంటచింతల మనిషి. ఇరవై అయిదేళ్లుగా మోటార్లు చుడుతున్నాడు. ఊరికే మాట్లాడే రకం కాదు. ఆ సంగతి గుర్తొచ్చాక విసుక్కుంటూనే లేచి, మోటారు ఒంటి మీద అరచెయ్యి ఆనించింది. పది లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. చెయ్యి తీయాలనిపించలేదు. అప్పుడు ఆవిడ మొహంలో విసుగు పోయి, క్లాసులో ఎవడో తెలివైన ప్రశ్న వేసినప్పటి మొహం వచ్చింది.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగి మోటారు సంగతి చెప్పుకోవాలి. భయపడకండి, పరీక్ష పెట్టను. మామూలు మోటార్లో రాగి తీగ ఇనుము చుట్టూ ఉంటుంది. ఆ ఇనుము తనవంతు కరెంటు తాను తింటుంది, తిని వేడెక్కుతుంది. కృష్ణకుమారి ఆ ఇనుమునే తీసి అవతల పారేసింది. అయస్కాంతాలు అతికించిన రెండు పళ్లేలు, ఆ పళ్లేల మధ్య అప్పడంలా పల్చటి రాగి కాయిళ్ల బిళ్ల. అంతే మోటారు. నాలుగేళ్లలో ఆ బిళ్లని పదిహేడు సార్లు మార్చింది. ప్రతిసారీ ఇశ్రాయేలు గొణుక్కుంటూ చుట్టాడు.

మోటారు మింగిన కరెంటులో పనిగా మారనిది ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. వేడిగా మారి అక్కడే కూర్చుంటుంది. ఈ ముక్క ఆవిడ ఎన్ని వేలమంది పిల్లలకి చెప్పి ఉంటుందో! రాగిలో పోయేది ఎంత, బేరింగుల్లో పోయేది ఎంత, గాలికి పోయేది ఎంత, అన్నీ విడివిడిగా కొలిచి పెట్టుకుంది. మొత్తం కలిపితే నూటికి నాలుగు. పొద్దున జహీర్ కొలతేమో నూటికి దాదాపు ఆరు పోయిందంటోంది. మరి మిగతా రెండూ ఏమైనట్టు? ఈ మోటారు మీద నూటికి రెండంటే రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు తినేంత కరెంటు. అంత వేడి ఇంత చిన్న ఒంట్లో చేరితే చెయ్యి పెట్టనిస్తుందా?

"ఇశ్రాయేలూ," అంది నెమ్మదిగా. "మోటారు అబద్ధం చెప్పట్లేదు. ఇంకెవరో చెబుతున్నారు."

ఎవరెవరు చెప్పగలరు? కరెంటు కొలిచిన మీటరు జహీర్ తెచ్చుకున్నది, పోయిన నెలే సర్టిఫికెట్ అయింది. మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పేది లైటు వేసి లెక్కపెట్టే డబ్బా, దానికి పక్షపాతం ఉండదు. ఇక మిగిలింది కాటా.

అవును, కాటా. మిరపకాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటానే. మోటారు ఒక డ్రమ్మును తిప్పుతుంది. ఆ డ్రమ్మును ఒక బ్రేకు పట్టుకుంటుంది. ఆ బ్రేకుకున్న ఇనప చెయ్యి కాటా మీద ఆని ఉంటుంది. మోటారు ఎంత బలంగా తోస్తోందో కాటా మీద కిలోల్లో కనబడుతుంది. లక్షలు పోసి విదేశీ యంత్రం కొనలేక, అన్నయ్య చెన్నకేశవులు మిరపకాయల కొట్లోంచి కాటా అడిగి తెచ్చుకుంది ఆవిడ. తేవడమే కాదు, గోడౌన్ మూల పడున్న నాన్న కాలంనాటి ఇరవై కిలోల ఇనప రాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి దాని మీద పెట్టి చూసుకుంది కూడా. ఇరవై పాయింట్ సున్నా సున్నా. గ్రాము తేడా లేదు. ఆ రోజు ఇశ్రాయేలు ఎంత సంతోషపడ్డాడని! కాటా సరిగ్గా ఉంటే ఇతగాడికేంది అంత ఆనందం అని ఆవిడ నవ్వుకుంది కూడా.

"కాటాని రాళ్లతో చూశాం," అంది ఇప్పుడు. "మరి రాళ్లని దేంతో చూశాం?"

ఇశ్రాయేలు రాళ్ల వైపు చూశాడు.

"మీ రెంటచింతల మిషన్ స్కూలు ల్యాబులో తూకం బిళ్లలు ఉంటాయిగా? స్టాంపు పడ్డవి. సిస్టర్ గారిని నా పేరు చెప్పి అడుగు. గంటలో రావాల. బండి తియ్యి."

గంటా పది నిమిషాలు పట్టింది. ఆ గంటా పది నిమిషాలూ ఆవిడ గోడౌన్లో తిరిగిన తిరుగుడు చూస్తే మీకు కళ్లు తిరిగేవి. ఇశ్రాయేలు చెమటతో తడిసి ముద్దయి వచ్చి, గోనెసంచిలోంచి అయిదు కిలోల బిళ్లలు నాలుగు తీశాడు. ఒక్కొక్కటీ కాటా మీద పేర్చాడు. నాలుగైదులు ఇరవై, మూడో క్లాసు పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

కాటా మీద పంతొమ్మిది కిలోల ఆరువందల గ్రాములని వచ్చింది.

బిళ్లలు దించి మళ్లీ పెట్టారు. అదే అంకె. నాన్న రాయి పెట్టారు. ఠంచనుగా ఇరవై. రెండో రాయి పెట్టారు. అదీ ఇరవయ్యే.

"తిప్పు," అంది కృష్ణకుమారి.

ఇశ్రాయేలు రాయిని బోర్లించాడు. ఏ ఇనప తూకపు రాయికైనా అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో పావలా అంత సీసం, ఆ సీసం మీద సర్కారు ముద్ర. ఈ రాయి గుంటలో సీసం అంచు దాకా నిండుగా ఉంది. ముద్ర లేదు. రెండో రాయీ అంతే.

సంగతి మొత్తం ఒక్కసారిగా అర్థమైంది ఆవిడకి. ఆరేళ్ల కిందట ఎలక్ట్రానిక్ కాటా బిగించడానికి వచ్చిన మెకానిక్ "తూకపు రాళ్లున్నాయా?" అని అడిగి ఉంటాడు. కొట్లో వాళ్లు ఈ రాళ్లే ఇచ్చి ఉంటారు. ఇరవై కిలోల నాలుగువందల గ్రాముల రాయిని పెట్టి, "ఇదీ ఇరవై అంటే" అని కాటాకి నేర్పించి పోయాడు. అది బుద్ధిగా నేర్చుకుంది. ఆ రోజు నుంచి రైతు యాభై కిలోల బస్తా వేస్తే నలభై తొమ్మిదని చూపిస్తోంది. తడికీ గోతానికీ అని అందరి ముందూ చెప్పి తీసే తరుగు ఎటూ ఉంది, దాని మీద ఇది చెప్పకుండా తీసే తరుగు.

ఆవిడకి ముందు వచ్చింది సంతోషమేనండీ, దాచడమెందుకు! కాటా నూటికి రెండు మింగిందంటే మోటారు తొంభై ఆరు! నాలుగేళ్ల చాకిరీ దండగ కాలేదు! చిన్నపిల్లలా రెండు చేతులూ చరిచింది. ఆ చప్పుడు ఆగకముందే రాళ్ల మీద ఒక పక్కగా తెల్ల పెయింటుతో రాసిన అక్షరాలు కనబడ్డాయి. గో.కృ. గోపాలకృష్ణయ్య. నాన్న. ఈ చుట్టుపక్కల పల్లెల్లో కాటా అంటే గోపాలకృష్ణయ్య గారి కాటా అని పేరు. ఆ పేరు చెప్పుకుని హాస్టల్లో, కాలేజీలో, ఉద్యోగంలో తలెత్తుకు తిరిగింది ఆవిడ.

ఇశ్రాయేలు గొంతుక్కూచుని ఆ సీసం వంకే చూస్తున్నాడు.

"మా అమ్మ ఏటేటా మీ కాటాకే వేసేదక్కా," అన్నాడు. "వేరే కాటాకి పోదామంటే తిట్టేది."



సరిగ్గా అప్పుడే గోడౌన్ బయట బుల్లెట్ ఆగింది. చెన్నకేశవులు! అరవై దాటినా నిటారుగా ఉంటాడు. తెల్ల చొక్కా నలగదు. ఒకసారి సర్పంచిగా చేశాడు, వచ్చే ఎన్నికల్లో మళ్లీ నిలబడే ఊపులో ఉన్నాడు. ఒక చేతిలో శాలువా, ఇంకో చేతిలో బంతిపూల దండ. కంపెనీ ఇంజనీరుకి సన్మానం చేసి, ఫోటో దిగి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలని ఆయన ప్లాను. మోటారు గెలిచిందో ఓడిందో ఇంకా తెలియదు. సన్మానానికి దాంతో పనేముంది!

"ఏమ్మా కుమారీ, ఏడీ మీ జహీర్ సారు?" అంటూ లోపలికి వచ్చినవాడు బోర్లించి ఉన్న రాళ్లని చూసి ఆగిపోయాడు.

"ఎవరు తిప్పమన్నారు వాటిని?"

"నేనే తిప్పమన్నా అన్నయ్యా."

"నీకు మోటారుతో పని గానీ రాళ్లతో ఏంది పని?"

ఆవిడ చెప్పింది. స్కూలు బిళ్లలు, పంతొమ్మిది ఆరువందలు, సీసం, అన్నీ. పాఠం చెప్పినట్టు నెమ్మదిగా, వరుసగా చెప్పింది. ఆయన దండని బల్ల మీద పెట్టాడు. శాలువా మాత్రం చేతిలోనే ఉంది.

"పాత రాళ్లు," అన్నాడు చివరికి. "నాన్న నాటివి. అప్పట్లో అందరూ చేసేవాళ్లు. ఇప్పుడు దాన్ని తవ్వి ఏం చేస్తావు?"

"నాన్నకి తెలుసా?"

ఆయన ఒక్క క్షణం ఆగాడు. "ఆయన రాళ్లు ఆయనకి తెలియకుండా ఉంటయ్యా?"

"నీకెప్పుడు తెలుసు?"

"నేనేదో కోర్టు బోనులో ఉన్నట్టు అడుగుతున్నావే! ఇదిగో కుమారీ, నీకు కావాల్సింది ఏంది? నీ మోటారు గెలవాల. కాటా సరిచేయించు. మళ్లీ కొలవనీ. తొంభై ఆరో, తొంభై ఏడో, ఎంతొస్తే అంత నీదే. నేనొద్దన్నానా? కాటా సంగతి మటుకు నోరెత్తబాక."

"పొద్దున తొంభై నాలుగు వచ్చిన మోటారు మధ్యాహ్నం తొంభై ఆరు ఎట్టా వచ్చిందని ఆయన అడగడా?"

"అడిగితే చెప్పడానికి మనిషి లేడా ఏంది?" ఆయన గడ్డంతో ఇశ్రాయేలుని చూపించాడు. "కనెక్షను తప్పు ఇచ్చాడని చెప్పు. పని చేసే చెయ్యి, పొరపాటు పడదా? ఒరేయ్ ఇశ్రాయేలూ, నీకేమన్నా నష్టమా రా?"

ఇశ్రాయేలు తలెత్తలేదు.

కృష్ణకుమారి అన్నగారి కేసి అలా చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పుడు ఈయన భుజాల మీద కూర్చుని తిరణాలకి పోయింది. అందరూ వద్దన్నా ఈయనే పట్టుబట్టి ఆవిణ్ణి చదివించాడు. అలాంటి అన్నయ్య, ఇరవై అయిదేళ్లుగా మోటార్లు చుట్టే చేతి మీద ఇంత తేలిగ్గా తప్పు తోసేస్తున్నాడు!

"పదిహేడు కాయిళ్ల బిళ్లలు చుట్టాడు అన్నయ్యా. ఒక్కదాంట్లో ఒక్క చుట్టు తప్పు పోలేదు. ఆయన చేతికి ఆ మాట నేను రాయను."

"అయితే నాన్న పేరుకి రాస్తావా? రాయి! ఊళ్లో ఆయన విగ్రహం పెడదామని నేను తిరుగుతుంటే, నువ్వు ఆయన్ని దొంగ అని రాయి! ఆడపిల్లవి, చేతిలో పెన్నుంది, ఇక చెప్పేదేముంది!"

"అరవబాక. ఆడపిల్లనే, అరవైకి దగ్గరపడ్డా." ఆవిడ గొంతు తగ్గించలేదు. "మోటార్లో నూటికి ఒకటో రెండో పోతున్నాయని నాలుగేళ్లు నాకు కంటి మీద కునుకు లేదు. మనకి కాయలు వేసిన వాళ్లకి నూటికి రెండు పోతుంటే మనింట్లో అందరం హాయిగా నిద్రపోయాం. ఇంకా నిద్రపొమ్మంటే నా వల్ల కాదు."

"ఎన్నికలు పెట్టుకుని…"

"అదీ అసలు మాట. నాన్న పేరు కాదు."

ఆయన మొహం ఎర్రబడింది. ఇంకేదో అనబోయాడు. బయట కారు తలుపు చప్పుడైంది. జహీర్ మూడింటికంటే మూడింటికే వచ్చాడు.

చెన్నకేశవులు ఎంతయినా రాజకీయం తెలిసిన మనిషి. క్షణంలో నవ్వు పులుముకుని, "రండి సార్, రండి" అంటూ శాలువా కప్పబోయాడు. జహీర్ ఇబ్బందిగా నవ్వి, "టెస్ట్ అయ్యాక సార్" అన్నాడు.

"కాటా తప్పు చూపిస్తోంది జహీర్ గారూ," అంది కృష్ణకుమారి, ఇంకెవరూ నోరు తెరవకముందే. "ఇవి స్కూలు బిళ్లలు. ఈ సంవత్సరం స్టాంపు ఉంది. మీరే పెట్టి చూడండి."

జహీర్ స్టాంపులు చూశాడు, ఫోటో తీసుకున్నాడు. బిళ్లలు పెట్టాడు. కనుబొమలు పైకి లేచాయి. కాటా డిస్‌ప్లేలో ఏవో బటన్లు నొక్కి, ఆ బిళ్లలతోనే దాన్ని కొత్తగా సరిచేశాడు. పది కిలోలకి చూశాడు, పదిహేనుకి చూశాడు, ఇరవైకి చూశాడు. అన్నీ కుదిరాయి. "ఊ, స్టార్ట్ చేయండి" అన్నాడు.

మోటారు తిరిగింది. దానికి పెద్ద చప్పుడుండదు, బ్రేకు వేడెక్కకుండా డ్రమ్ములో నీళ్లు పారే చప్పుడే ఎక్కువ. ఇశ్రాయేలు బ్రేకు మర బిగిస్తున్నాడు. అరగంట. ముప్పావుగంట. జహీర్ అయిదు నిమిషాలకోసారి అంకెలు వేసుకుంటున్నాడు. చెన్నకేశవులు కుర్చీలో కూర్చుని శాలువా మడతలు సర్దుతున్నాడు. కృష్ణకుమారి మాత్రం కాటా వైపు చూడలేదు. మోటారు మీదే చెయ్యి వేసి నిలబడింది.

"తొంభై ఆరు పాయింట్ సున్నా," అన్నాడు జహీర్. మళ్లీ లెక్కవేశాడు. "తొంభై ఆరు! మేడం, నేను తొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఈ సైజులో ఈ నంబరు నా చేత్తో ఎప్పుడూ రాయలేదు."

ఇశ్రాయేలు "స్తోత్రం" అన్నాడు గబుక్కున. కృష్ణకుమారి కళ్లు తుడుచుకుంది, తుడుచుకున్నది ఎవరూ చూడలేదనుకుంది. అందరూ చూశారు.

అప్పుడు జహీర్ బ్యాగులోంచి ఒక ఫారం తీశాడు. "ఒకే రోజు రెండు రీడింగులు వచ్చాయి కదా మేడం. మొదటిది ఎందుకు తప్పయిందో కారణం మీ చేత్తో రాయాలి. కింద సాక్షి సంతకం. ఇది లేకుండా హైదరాబాద్‌లో నా నంబరు ఒప్పుకోరు."

"కనెక్షను తేడా సార్," అన్నాడు చెన్నకేశవులు, చొరవగా. "మా ఇశ్రాయేలు పొద్దున కంగార్లో…"

"కనెక్షను నేను రెండుసార్లు చెక్ చేశాను సార్," అన్నాడు జహీర్. "కాటా తప్పు అని నాకు తెలుసు. అది ఎందుకు తప్పయిందో కావాలి. మెషీన్ పాడయిందా, ఎవరన్నా మార్చారా?"

కృష్ణకుమారి ఫారం అందుకుంది. మోటారు బల్ల మీదే పెట్టి, పెన్ను మూత తీసింది.

"కుమారీ," అన్నాడు అన్నగారు. గొంతులో అధికారం లేదు. "రాయబాకమ్మా. ఆ మనిషి లేడు. వచ్చి చెప్పుకోలేడు."

నిజమే, చెప్పుకోలేడు. అది ఆవిడకి తెలుసు. ముత్యాల్లాంటి అక్షరాలు దిద్దించినవాడు ఆయన. ఆ అక్షరాలతోనే ఆయన మీద రాయాల్సి వచ్చింది. అయినా చెయ్యి ఆగలేదు. ఒక్క మాట కొట్టివేత లేకుండా రాసింది. రాసింది పైకి చదివింది కూడా. చాటుగా చేసిన పని అని రేపు ఎవరూ అనకూడదు కదా!

"ఈ కాటాను మా తండ్రి కీర్తిశేషులు గోపాలకృష్ణయ్య వాడిన ఇరవై కిలోల రాళ్లతో సరిచేశారు. ఆయన ఆ రాళ్లలో అదనంగా సీసం పోయించినందువల్ల ఒక్కొక్కటి నాలుగువందల గ్రాములు ఎక్కువ తూగుతున్నాయి. అందువల్ల కాటా నూటికి రెండు తక్కువ చూపిస్తోంది. ఇది తెలిసే రాస్తున్నాను."

సంతకం పెట్టింది. తేదీ వేసింది. చెన్నకేశవులు వద్దనలేదు, కాదనలేదు, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

జహీర్ ఫారం మీదికి వంగి ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత, "ఇలా రాసేవాళ్లని నేను చూడలేదు మేడం" అని ఫోను తీసి ఫారం ఫోటో కొట్టాడు. "సాక్షి సంతకం తర్వాత పంపినా పర్లేదు. మా డైరెక్టరు అయిదింటికి మీటింగులో ఉంటారు, ఆలోపు నంబరూ కారణం రెండూ చేరిపోవాలి." ఏవో నొక్కాడు.

"ఇశ్రాయేలూ, నువ్వు పెట్టు సాక్షి సంతకం," అంది కృష్ణకుమారి పెన్ను చాస్తూ. మనసు తేలికపడింది ఆవిడకి. ఏడుపొస్తున్నా తేలికపడింది. "నువ్వే పెట్టాల. నీదే ఆ హక్కు."

ఇశ్రాయేలు పెన్ను తీసుకున్నాడు. నూనె చేతులు లుంగీకి తుడుచుకుని కాగితం మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది?"

"నేను పెట్టలేనక్కా."

"భయమా? అన్నయ్యని చూసా?"

"భయం కాదు." పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "ఆ సీసం పోసింది మా నాయన. కొలిమి పెట్టుకుని సత్తు గిన్నెలకి మాట్లు వేసేవాడు గదా, ఆయనే. పోయే ముందు జొరంలో చెప్పాడు. జొరంలో మాట అనుకున్నా. మొన్న కాటా మీద రాళ్లు ఇరవై చూపించినప్పుడు, హమ్మయ్య, మా నాయన ఆ పని చేయలేదు అనుకున్నా. ఇందాక సీసం చూసి నోరు పడిపోయింది. చెబితే మా నాయన దొంగ అవుతాడు గదక్కా. అందుకని ఊరుకున్నా."

కృష్ణకుమారికి అతని మీద జాలి ముంచుకొచ్చింది. "పోయించింది మా నాన్న, పోసింది మీ నాయన. ఇద్దరూ పోయారు. ఇందులో నువ్వు సిగ్గుపడేది ఏముంది? పెట్టు."

"అదేనక్కా పెట్టలేనిది." ఇశ్రాయేలు మొదటిసారి తలెత్తాడు. ఆవిడ వైపు కాదు, కుర్చీలో ఉన్న చెన్నకేశవులు వైపు చూశాడు. "మీరు రాసింది తప్పు. ఆ రాళ్లల్లో సీసం పోసేనాటికి మీ నాయన పోయి సంవత్సరీకం కూడా అయిపోయింది. రాళ్లు మా ఇంటికి తెచ్చి, దగ్గర నిలబడి పోయించింది ఆయన కాదు."

చెన్నకేశవులు చేతిలోంచి శాలువా జారి కింద పడింది. తీసుకోలేదు.

కృష్ణకుమారి అన్నగారిని ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేకుండా ఆ మొహం చెప్పేస్తోంది. కాగితం మీద తన అక్షరాలు కనబడుతున్నాయి, కీర్తిశేషులు గోపాలకృష్ణయ్య, ఆయన, పోయించినందువల్ల. బల్ల పట్టుకుని జహీర్ వైపు తిరిగింది.

"జహీర్ గారూ, ఆ ఫోటో పంపబాకండి. ఆపండి."

జహీర్ ఫోను వంక చూశాడు.

"వెళ్లిపోయింది మేడం," అన్నాడు. "డైరెక్టరు గారు చదివేశారు కూడా."